అంగారకుడి మీద లారీ హారన్: స్టూడెంట్ సైఫై సినిమాకి సౌండ్ ఎప్పుడు ఆలోచించాలి

కర్నూలు, అనంతపురం, కడప కాలేజీల్లో పిల్లలు సైఫై షార్ట్ ఫిల్మ్ తీద్దామని కూర్చుంటే లొకేషన్ గొడవ అరగంటలో తేలిపోతుంది. అంగారకుడు కావాలంటే ఓర్వకల్లు బండలు, పాడుబడ్డ నగరం కావాలంటే గండికోట, భూమి లోపల దాక్కున్న మనుషుల కథైతే బెలుం గుహలు. ఇన్ని గ్రహాలు బస్సు ఛార్జీలకి దొరికే అదృష్టం హైదరాబాద్ పిల్లలకి కూడా లేదు. ఆ తర్వాత కెమెరా ఎవరిది, డ్రోన్ అద్దె ఎంత, బైక్ హెల్మెట్‌కి ఏ రంగు స్ప్రే కొట్టాలి అని రాత్రి దాకా చర్చ నడుస్తుంది. సౌండ్ ఊసొచ్చేసరికి ఒకటే మాట: "అది ఎడిటింగ్‌లో చూసుకుందాంలే మామా."

ప్రేమకథకైతే ఈ మాట కొంతవరకు చెల్లుతుంది. క్యాంటీను, బస్టాండు, వాన ఎలా వినిపిస్తాయో చూసేవాడికి ముందే తెలుసు, నువ్వు సగం పెట్టినా మిగతా సగం వాడే నింపుకుంటాడు. సైఫైలో ఆ సాయం ఉండదు. తెర మీద కనపడే వస్తువు ఏదీ నిజంగా ఆ చప్పుడు చేయదు, థర్మకోల్ తలుపు థర్మకోల్ లాగే కీచుమంటుంది, దాన్ని రెండు టన్నుల ఇనుప తలుపుగా నమ్మించాల్సింది సౌండే. డబ్బుల్లేని సినిమాలో గ్రాఫిక్స్ చేయాల్సిన పని కూడా దీని నెత్తినే పడుతుంది. అంతరిక్ష నౌక దిగడం చూపించాలంటే లక్షలు కావాలి, వినిపించి, నటుడి మొహం మీద ఒక లైటు ఊపి, కాస్త దుమ్ము లేపితే పని జరిగిపోతుంది. అయితే ఆ సంగతి స్క్రిప్టు రాసే రోజే తెలిసుండాలి, అప్పుడే ఆ షాట్‌ని అలా రాసుకుంటారు. షూటింగ్ అయిపోయాక తెలిస్తే ఏడుపు తప్ప చేసేదేం ఉండదు.

అందుకే నా వాదన ఇది: సౌండ్లు వెతకడం, మ్యూజిక్ డైరెక్టర్‌ని పట్టుకోవడం అన్నీ తర్వాత, ముందు ప్రతి సీనుకీ ఒక ప్రశ్నకి జవాబు రాసుకోండి. ఈ సీన్‌లో మనం ఎక్కడి నుంచి వింటున్నాం? దీనికి జవాబు దొరికితే డబ్బింగా సింక్ సౌండా (షూటింగ్‌లోనే ఎత్తిన మాటలా), ఏ చప్పుడు కావాలి, సంగీతం ఎక్కడ ఉండాలి, ఎక్కడ ఉండకూడదు అన్నవన్నీ చాలావరకు వాటంతటవే తేలతాయి.

చెవి ఎక్కడ పెట్టాలి

శబ్దం నడవాలంటే గాలో, నీళ్ళో, ఇనుమో ఏదో ఒక పదార్థం కావాలి, అంతరిక్షంలో అది లేదు కాబట్టి నౌక పేలినా వినపడదు. ఇది స్కూల్లో చదివిన ఫిజిక్సే. సినిమా వాళ్ళు దీంతో మూడు రకాలుగా వ్యవహరించారు. కొందరు నియమాన్ని అక్షరాలా పాటించి బయటి షాట్లలో సౌండ్ పూర్తిగా తీసేశారు. కొందరు చెవిని హెల్మెట్ లోపల పెట్టారు, అక్కడైతే గాలి ఉంది కాబట్టి సొంత ఊపిరి వినపడుతుంది, రేడియోలో మాటలు వినపడతాయి, చేత్తో ముట్టుకున్న ఇనుప కడ్డీ అదిరితే ఆ అదురు ఎముకల గుండా గుడ్ గుడ్ మని తెలుస్తుంది. 2013లో వచ్చిన గ్రావిటీ బయటి సీన్లలో ఈ దారే పట్టింది, పాత్ర ముట్టుకున్న దాని కంపనం తప్ప మిగతా భారమంతా సంగీతానికి వదిలేసింది, సౌండుకి, సంగీతానికి ఆస్కార్లు కూడా తెచ్చుకుంది. ఇక మూడో రకం స్టార్ వార్స్ వాళ్ళది, ఫిజిక్స్ సంగతి మాకెందుకని నౌకలన్నిటికీ మోత పెట్టేశారు, జనం కూడా హాయిగా చూశారు.

మూడిట్లో ఏది తీసుకున్నా తప్పు లేదు. ఒక సీన్లో ఒకటి, ఇంకో సీన్లో ఇంకోటి పెడితేనే తప్పు. మొదటి నిమిషంలో హీరో ఊపిరి తప్ప ఏమీ వినపడని శూన్యం చూపించి, నాలుగో నిమిషంలో ఉల్క తగిలితే డీటీఎస్ థియేటర్ ప్రచారంలాగా పేల్చారనుకోండి, చూసేవాడికి కారణం చెప్పడం రాదు గానీ నమ్మకం మాత్రం పోతుంది.

మన పిల్లల కథలు ఎక్కువగా అంగారకుడి మీదే నడుస్తాయి కాబట్టి దాని సంగతి కాస్త వివరంగా చూద్దాం. అక్కడ గాలి ఉంది, కాకపోతే దాని ఒత్తిడి మన దగ్గరి గాలితో పోలిస్తే నూరో వంతు కూడా ఉండదు, అదీ దాదాపు అంతా కార్బన్ డయాక్సైడే. 2021 ఫిబ్రవరిలో దిగిన నాసా పర్సెవరెన్స్ రోవర్ మైకులు తీసుకెళ్ళింది, అంటే అక్కడ ఎలా వినపడుతుందో ఇప్పుడు మనం ఊహించుకోనక్కర్లేదు, రికార్డింగులే ఉన్నాయి. వాటి మీద కొలతలు 2022లో ప్రచురించారు: లావు శబ్దాలు సెకనుకి సుమారు 240 మీటర్ల వేగంతో పోతుంటే, సన్నటివి సుమారు 250 మీటర్లతో పోతున్నాయి. మన దగ్గర రెండూ ఒకటే వేగం, దాదాపు 340. పైగా ఆ గాలి సన్నటి శబ్దాలని దారిలోనే మింగేస్తుంది. రోవర్‌తో పాటు వెళ్ళిన ఇన్జెన్యుటీ అనే చిన్న హెలికాప్టర్ రెక్కల మోతని రోవర్ 80 మీటర్ల దూరం నుంచి పట్టింది, వినపడింది 84 హెర్ట్జ్ (సెకనుకి 84 కంపనాలు) దగ్గర ఒక మెల్లని గుయ్ మనే శబ్దం మాత్రమే.

దీన్ని ఎడిటింగ్ టేబుల్ మీదికి తెచ్చుకుంటే ఇలా ఉంటుంది. బయటి సీన్లలో ప్రతి చప్పుడుకీ ఈక్యూలో (శబ్దంలో సన్నటి, లావు భాగాలని విడిగా పెంచి తగ్గించే టూల్) పై భాగం, అంటే సన్నటిది, కోసేయాలి, వాల్యూం బాగా తగ్గించాలి, దూరం పెరిగేకొద్దీ ఇంకా కోయాలి. రాయి మీద బూటు పడితే 'టక్' అనదు, ఆ దెబ్బ సూటు గుండా పైకొచ్చి 'దబ్' మంటుంది. శిబిరం లోపలికి అడుగు పెట్టగానే భూమి మీది శబ్దాలన్నీ పూర్తిగా ఉండొచ్చు. కథకి ఇదొక వరం: లోపలికీ బయటికీ తేడా కళ్ళకంటే ముందు చెవులకి తెలుస్తుంది.

ఒక సీన్ విప్పి చూద్దాం

బయట రాళ్ళు ఏరుకుని ఒకమ్మాయి శిబిరానికి తిరిగొస్తుంది. బయటి తలుపు మూసుకుంటుంది, రెండు తలుపుల మధ్య చిన్న గదిలోకి (ఎయిర్‌లాక్) గాలి నిండుతుంది, హెల్మెట్ తీస్తుంది, లోపలి తలుపు తీసుకుని జూనియర్ కుర్రాడు "ఇంతసేపేం చేస్తాండావక్కా, భయమైంది నాకు" అంటాడు. స్క్రిప్టులో ఇది నాలుగు లైన్లు. పక్కనే నాలుగు గళ్ళు గీయండి: చెవి ఎక్కడ, మాటలేంటి, చప్పుళ్ళేంటి, సంగీతం ఉందా లేదా.

బయటి తలుపు మూసుకునేటప్పుడు చెవి హెల్మెట్ లోపలే ఉంది. వినపడేది ఊపిరి, దానితోపాటు తలుపు పడిన దెబ్బ నేల గుండా కాళ్ళలోంచి వచ్చినట్టు ఒక మొద్దు చప్పుడు. ఇనుము గలగల వినపడకూడదు, ఇంకా గదిలో గాలి నిండలేదు కదా. తర్వాత గాలి వదులుతారు. ఆ 'స్స్' శబ్దం మొదట ఎక్కడో దూరంగా బొంగురుగా మొదలై, పది సెకన్లలో దగ్గరికొచ్చి పదునెక్కుతుంది, ఎందుకంటే గాలి నిండేకొద్దీ సన్నటి శబ్దాలు కూడా చేరుతుంటాయి. దానితోపాటే ఇందాకటిదాకా లేని గది మోత, గొట్టాల టిక్ టిక్, చేతిలో రాళ్ళ సంచీ గరగర ఒక్కొక్కటిగా పుట్టుకొస్తాయి. హెల్మెట్ తీసిన క్షణంలో ఊపిరి శబ్దం తెగిపోయి చెవి గదిలోకి మారుతుంది. ఆ కుర్రాడి మాట ఈ సినిమాలో రేడియో ఫిల్టర్ లేకుండా మనం వినే మొదటి గొంతు అయితే, ఆ ఒక్క లైనుకి ఎంత బలం వస్తుందో చూడండి.

ఇక్కడ సంగీతం గడిలో 'లేదు' అని రాయాలి. రాయకపోతే సంగీతం చేసేవాడు ఖాళీ కనపడింది కదా అని స్ట్రింగ్స్ పరుస్తాడు, గాలి శబ్దం కూడా అదే మేర పరుచుకునేది కాబట్టి రెండూ కొట్టుకుని రెండూ పోతాయి. ఇంకో సంగతి, ఇదంతా జరగాలంటే నటి పది సెకన్లు కదలకుండా నిలబడాలి, కెమెరా ఆమె మొహం మీద ఉండాలి. డైరెక్టర్‌కి ముందే చెప్పకపోతే మూడు సెకన్లలో కట్ చెప్పేస్తాడు, ఆ తర్వాత ఏ ప్లగిన్నూ ఆ ఏడు సెకన్లు తెచ్చివ్వదు.

సినిమా మొత్తానికి ఇలా గీయనక్కర్లేదు, చెవి చోటు మారే సీన్లకి గీస్తే చాలు.

మాటలు: హైవే పక్కన అంగారకుడు

ఓర్వకల్లు రాక్ గార్డెన్ కర్నూలు-నంద్యాల హైవే పక్కనే ఉంటుంది, విమానాశ్రయం కూడా అక్కడే. ఫ్రేములో ఎర్రటి బండలు తప్ప ఏమీ ఉండవు, మైకులో మాత్రం లారీ ఎయిర్ హారన్ తప్పదు. దానికి గాలి తోడు. కాలేజీ నుంచి తెచ్చిన మైకుకి పైన బొచ్చు తొడుగు లేకపోతే గాలి కొట్టిన 'బొబ్బొబ్బొ' మోత మాట మీద పడుతుంది, ఏ సాఫ్ట్‌వేరూ దాన్ని శుభ్రంగా వేరు చేయలేదు.

తెలుగు సినిమాకి డబ్బింగ్ అలవాటు పాతది, స్టూడెంట్లకీ అదే దారి తేలిక. కాకపోతే డబ్బింగ్ అని రాసిపెట్టుకున్నా లొకేషన్‌లో పైలట్ ట్రాక్ (డబ్బింగ్‌కి ఆధారంగా వాడుకునే కచ్చా రికార్డింగు) ఎత్తి తీరాలి, నటులు స్క్రిప్టులో లేని మాటలు అంటుంటారు, రెండు వారాల తర్వాత వాళ్ళకే గుర్తుండవు. నటుడి జేబులో ఒక ఫోను, ఎయిర్‌ప్లేన్ మోడ్‌లో, చిన్న కాలర్ మైకు పెట్టి వదిలేస్తే పైలట్‌కి సరిపోతుంది. వీలుంటే రికార్డింగు సెట్టింగు 48 కిలోహెర్ట్జ్, 24 బిట్, మీటరులో గట్టిగా అరిచిన మాట కూడా మైనస్ 6 డీబీ దాటకుండా, మామూలు మాట మైనస్ 12 చుట్టుపక్కల. షాట్ మొదట్లో క్లాప్ కొట్టడం నామోషీ అనుకోకండి. కెమెరా మీది మైకు సౌండ్‌తో సింక్ కలుపుకునేవాళ్ళు ఒకటి గుర్తుపెట్టుకోవాలి, 14 మీటర్ల దూరంలో సౌండ్ దాదాపు ఒక ఫ్రేము ఆలస్యంగా చేరుతుంది, లాంగ్ షాట్లలో పెదాలు తేడా కొట్టేది అందుకే.

ఇక్కడే సైఫై ఒక బంగారం లాంటి వెసులుబాటు ఇస్తుంది. పాత్రలు హెల్మెట్లు పెట్టుకుని రేడియోలో మాట్లాడుకుంటే, ఆ గొంతు పాత టెలిఫోన్ లాగా 300 నుంచి 3400 హెర్ట్జ్ మధ్యే వినపడితే చాలు. అంటే హాస్టల్ గదిలో, తలుపుకి బొంతలు వేలాడదీసి, ఫోన్‌లో రికార్డు చేసినా నడిచిపోతుంది, లోపాలన్నీ ఆ ఫిల్టర్లో కొట్టుకుపోతాయి. పెదాలు కూడా సరిగ్గా కనపడవు కాబట్టి సింక్ టెన్షన్ తగ్గుతుంది. అంచేత కష్టమైన, పొడుగాటి డైలాగులన్నీ బయటి సీన్లలో రేడియో మీదికి తోసేసి, లోపలి సీన్లకి తక్కువ మాటలు, మంచి రికార్డింగు ఉంచుకోండి. డబ్బింగ్ చెప్పేటప్పుడు మాత్రం నటుడు నిజంగా హెల్మెట్ పెట్టుకోవాలి, కాస్త గది చుట్టూ నడిచొచ్చి చెప్పాలి. బండలెక్కినవాడి ఊపిరి కుర్చీలో కూర్చుంటే రాదు. ఊపిరి ఒక్కటే విడిగా కూడా ఎత్తుకోండి: మామూలుది, భయపడ్డది, అలిసిపోయినది. సినిమాలో సగం సౌండ్‌ట్రాక్ అదే అవుతుంది.

లోపలి సీన్లకి ఫ్యాన్ ఆపాలి. మే నెలలో కర్నూల్లో ఫ్యాన్ ఆపి షూటింగ్ అంటే యూనిట్ తిరగబడుతుందని తెలుసు, అందుకే ఆ సీన్లు తెల్లవారుజామున పెట్టుకోవడం మేలు. ఫ్రిజ్, ట్యూబులైటు చోక్, పాత స్టెబిలైజర్ కూడా ఆపండి, మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి వాటి గుయ్ మనే మోత 50, 100, 150 దగ్గర కూర్చుంటుంది, మగ గొంతులో లావు భాగం కూడా అక్కడే ఉండేది. ప్రతి లొకేషన్‌లో అందరినీ కదలకుండా నిలబెట్టి ఓ అర నిమిషం ఖాళీ గది సౌండ్ ఎత్తుకోండి, కట్లు అతుక్కోవడానికి అదే గుడ్డముక్క.

చప్పుళ్ళు మన జిల్లాల్లోనే ఉన్నాయి

కొత్తగా చేసేవాళ్ళు సైఫై సౌండ్ అనగానే సింథసైజర్ తెరుస్తారు, లేకపోతే యూట్యూబ్‌లో 'స్పేస్‌షిప్ సౌండ్' అని కొడతారు. 1977 స్టార్ వార్స్‌కి సౌండ్ డిజైనర్ బెన్ బర్ట్ చేసిన పని చూస్తే అసలు ఆలోచన మారిపోతుంది. లైట్ సేబర్ (అందులోని వెలుగు కత్తి) మోత సినిమా ప్రొజెక్టర్ మోటారు, దానికి కలిపిన టీవీ పిక్చర్ ట్యూబు రొద. తుపాకీ 'ప్యూ' అనేది రేడియో టవర్‌ని లాగి కట్టిన ఉక్కు తీగని సుత్తితో కొట్టిన చప్పుడు. శత్రువుల యుద్ధనౌక అరుపులో ఏనుగు ఘీంకారం, తడి రోడ్డు మీద కారు పోయే శబ్దం ఉన్నాయి. నిజమైన వస్తువు శబ్దంలో ఉండే చిన్న చిన్న వంకరలే చూసేవాణ్ణి నమ్మిస్తాయి.

తీగ అలా ఎందుకు మోగుతుందో తెలుసుకుంటే మీరూ చేసుకోవచ్చు. బిగుతైన పొడుగాటి ఉక్కు తీగని కొడితే దానిలో సన్నటి శబ్దాలు వేగంగా, లావువి నెమ్మదిగా నడుస్తాయి, దూరాన చెవి పెడితే సన్నటిది ముందొచ్చి లావుది వెనకొచ్చి 'ప్యూ' అని జారినట్టు వినపడుతుంది. చేను చుట్టూ వేసిన కంచె తీగ చాలు, కాకపోతే అందులో కరెంటు లేదని రైతుని అడిగి మరీ ముట్టుకోండి. కరెంటు స్తంభాల స్టే వైరు జోలికి మాత్రం సినిమా కోసమే కాదు, దేనికోసమూ పోకండి. తీగ లోపలి శబ్దం పట్టడానికి పీజో డిస్క్ అని పాత బజర్లలో ఉండే బిళ్ళ దొరుకుతుంది, ఎలక్ట్రానిక్స్ షాపులో చిల్లర ఖర్చు, దానికి ఒక వైరు అతికించి తీగకి టేపు వేస్తే అదే మైకు.

ఇక చుట్టూ చూడండి. బేతంచెర్లలో నాపరాయి కోసే, పాలిష్ పట్టే మిషన్లు ఉన్నాయి, ఆ కోత శబ్దాన్ని సగం వేగానికి తగ్గిస్తే ఒక స్థాయి కిందికి దిగి పెద్ద నౌక ఇంజను స్టార్ట్ అయినట్టుంటుంది. రామగిరి కొండల మీద గాలిమరల కింద నిలబడితే రెక్క దిగినప్పుడల్లా వచ్చే 'ఫూప్... ఫూప్' అనేది శిబిరం బయట తిరిగే ఏ యంత్రానికైనా సరిపోతుంది. గుంతకల్లు వైపు గూడ్స్ బండి బ్రేకు వేసినప్పుడు చక్రాల కీచు, పెట్టెలు వరసగా గుద్దుకునే మోత, నీళ్ళు రాక గాలి కక్కే బోరు మోటారు, పంక్చర్ షాపు కంప్రెసర్ పైపు (మన ఎయిర్‌లాక్ అదే), అమ్మ వాడే గ్రైండర్‌లో రాయి తిరిగే గరగర. రైల్వే స్థలంలోకి మాత్రం అనుమతి లేకుండా పోకండి, రోడ్డు పక్కన గేటు దగ్గర నిలబడ్డా కావలసినంత దొరుకుతుంది. బాగా కిందికి దించాలనుకున్న శబ్దాన్ని 96 కిలోహెర్ట్జ్‌లో ఎత్తుకోండి, మైకు కూడా ఆ సన్నటి మేరని పట్టగలిగితే, వేగం తగ్గించినప్పుడు చప్పుడు మొద్దుబారకుండా ఉంటుంది.

ఒక యంత్రానికి ఒకే రికార్డింగు సరిపోదు. అడుగున ఒక బరువు, మధ్యలో ఒక గుర్తుపట్టే గుణం, పైన ఒక చిన్న మెరుపు: గ్రైండరు, గాలిమర, తీగ. మూడు పొరలు పెట్టి ఒక్కోదాన్ని విడిగా ఎత్తి దించుకుంటే అదే నౌక మామూలుగా ఉన్నప్పుడు ఒకలా, చెడిపోతున్నప్పుడు ఇంకోలా వినపడుతుంది. చెడిపోవడమంటే కొత్త అలారం పెట్టడమే అనుకుంటారు చాలామంది, రోజూ వినపడే మోతలోంచి మధ్య పొర ఒక్కటి మెల్లగా తీసేసి చూడండి, ఎంత గుబులు పుడుతుందో.

ప్రతిధ్వనుల సంగతి కూడా ఇంతే. గండికోట ధాన్యాగారం లోపల ఒక బెలూన్ పగలగొట్టి ఆ మోత, దాని తోక మొత్తం రికార్డు చేసుకుంటే, కన్వల్యూషన్ రివర్బ్ అనే ప్లగిన్‌లో దాన్ని పెట్టి హాస్టల్ గదిలో చెప్పిన డైలాగుని ఆ గోడల మధ్య చెప్పినట్టు చేయొచ్చు. అక్కడి సిబ్బందికి ముందే చెప్పండి, లేకపోతే బెలూన్ చప్పుడుకి వాళ్ళు పరుగెత్తుకొస్తారు. బెలుంలో సప్తస్వరాల గుహ ఉంది, అక్కడి రాతి స్తంభాలు తడితే స్వరాలు పలుకుతాయని చూపిస్తారు. వాటిని మీరు కొట్టొద్దు, వేల ఏళ్ళు పట్టి పెరిగినవి, మీ పన్నెండు నిమిషాల సినిమాకి పగలడం అన్యాయం. గుహ నిశ్శబ్దాన్ని ఎత్తుకోండి చాలు, దూరంగా నీటి చుక్క పడే ఆ ఖాళీ ఏ లైబ్రరీలోనూ దొరకదు.

ఆర్ఆర్: ఎక్కడ ఆపాలో తెలిసినవాడిది

మన దగ్గర బ్యాక్‌గ్రౌండ్ మ్యూజిక్‌ని రీరికార్డింగ్, ముద్దుగా ఆర్ఆర్ అంటారు. ఆర్ఆర్ చేసేవాణ్ణి, చప్పుళ్ళు చేసేవాణ్ణి విడివిడిగా పనిచేయించడం స్టూడెంట్ సినిమాల్లో మామూలే, సైఫైలో ఇది నేరుగా దెబ్బ కొడుతుంది. నౌక మోత 60 హెర్ట్జ్ దగ్గర ఒక స్వరంలో గుయ్ మంటుంటే, ఆర్ఆర్ వాడు ఇంకో స్వరంలో బేస్ డ్రోన్ (ఆగకుండా సాగే లావు స్వరం) వేశాడనుకోండి, రెండూ కలిసి అలలు అలలుగా కొట్టుకుంటాయి. కావాలని చేస్తే భయం పుడుతుంది, తెలియక చేస్తే తలనొప్పి. ఇద్దరూ ఒకే గదిలో కూర్చుని, ముందు నౌక మోత ఏ శ్రుతిలో ఉందో చూసుకుని, సంగీతాన్ని ఆ శ్రుతికి కడితే సగం సమస్య పోతుంది. 1956లో ఫర్బిడెన్ ప్లానెట్ అనే సినిమాకి లూయిస్ బారన్, బేబే బారన్ దంపతులు సొంతంగా కట్టిన ఎలక్ట్రానిక్ సర్క్యూట్లతో మొత్తం శబ్దం చేశారు, అందులో సంగీతం ఎక్కడ ఆగిందో గ్రహం చప్పుడు ఎక్కడ మొదలైందో చెప్పలేం. టైటిల్స్‌లో కూడా సంగీతం అని వేయకుండా 'ఎలక్ట్రానిక్ టోనాలిటీస్' అని వేశారు. అంత పని మనవల్ల కాకపోయినా, ఆ ఆలోచన మాత్రం ఉచితమే.

ఎడిటింగ్‌లో తాత్కాలికంగా పెట్టే పాటలు ఇంకో ఉచ్చు. పెద్ద హాలీవుడ్ సినిమా థీమ్ ఒకటి తెచ్చి వేసుకుంటారు, యాభైసార్లు అదే వింటూ కట్ చేస్తారు, చివర్లో కాలేజీ కీబోర్డు కుర్రాడు ఏది చేసినా నచ్చదు. 1968లో స్టాన్లీ కుబ్రిక్ అంతటి డైరెక్టరే '2001: ఎ స్పేస్ ఒడిస్సీ' సినిమాకి తాత్కాలికంగా పెట్టుకున్న శాస్త్రీయ సంగీతాన్నే ఉంచేసి, సంగీత దర్శకుడు అలెక్స్ నార్త్ చేసిన సంగీతాన్ని పక్కన పడేశాడు. ఆయనకి హక్కులు కొనే స్తోమత ఉంది, మనకి లేదు. కాబట్టి రఫ్ కట్ (మొదటిసారి అతికించిన సినిమా) సంగీతం లేకుండానే చూడండి. ఎక్కడ నిజంగా బోరు కొడుతుందో అక్కడ ఎడిటింగ్ బాగుచేయాలి, దాన్ని సంగీతంతో కప్పకండి.

భవిష్యత్తు అంటే సింథ్ ఒక్కటే ఉండాలన్న రూలు కూడా ఎక్కడా లేదు. అనంతపురం వైపు జాతరల్లో ఉరుములు మోగిస్తారు, పేరుకి తగ్గట్టే మేఘం గర్జించినట్టుంటుంది ఆ వాద్యం. దాన్ని సగం వేగంలో వింటే ఏ కాలానిదో, ఏ గ్రహానిదో చెప్పడం కష్టం. చెక్కభజన చెక్కల గలగలతో ఒక కౌంట్‌డౌన్ కట్టొచ్చు. అయితే ఉరుము దేవతకి మోగించే వాద్యం, ఎవరి బతుకుతెరువో కూడా. ఎందుకు, ఎలా వాడతారో చెప్పి, డబ్బిచ్చి, కాగితం మీద ఒప్పుకోలు రాయించుకోండి.

హక్కుల విషయంలో కడప జిల్లాలో ఎక్కువమంది పడే గుంట ఒకటుంది. అన్నమయ్య మనవాడే, తాళ్ళపాక ఆయన ఊరు, అయిదొందల ఏళ్ళ నాటి కీర్తన కాబట్టి కాపీరైట్ ఏముంటుందని పెట్టేస్తారు. సాహిత్యానికి లేదు, నిజమే. కానీ తిరుమలలో దొరికిన రాగిరేకుల మీద సాహిత్యం, రాగం పేరు ఉన్నాయి గానీ స్వరాలు లేవు. మనకి తెలిసిన చాలా బాణీలు ఇరవయ్యో శతాబ్దంలో కట్టినవి. ఉదాహరణకి అనంతపురం జిల్లాలోనే పుట్టిన రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మ గారు ఎన్నో కీర్తనలకి స్వరాలు కట్టారు, ఆయన పోయింది 1979లో. మన చట్టం ప్రకారం సంగీత రచన మీద హక్కు స్వరకర్త పోయాక 60 ఏళ్ళు నడుస్తుంది, అంటే ఆ బాణీల మీద హక్కు 2039 చివరిదాకా ఉంటుంది. రికార్డింగు మీద హక్కు దానికదే వేరు, అది విడుదలయ్యాక 60 ఏళ్ళు. కాబట్టి అన్నమయ్య సాహిత్యం తీసుకుని, మీ క్లాస్‌మేట్ చేత ఆ రాగంలోనే కొత్త బాణీ కట్టించి, మీరే రికార్డు చేసుకుంటే ఆ రెండు చిక్కులూ పోతాయి, పైగా అంగారకుడి మీద ఒంటరిగా ఉన్న మనిషి తనకి తోచినట్టు పాడుకున్నట్టుంటుంది. ఫ్రీసౌండ్ లాంటి వెబ్‌సైట్లలో దించుకునే చప్పుళ్ళకి కూడా లైసెన్సు చూసుకోండి, సీసీ (క్రియేటివ్ కామన్స్) జీరో అయితే ఏ షరతూ లేదు, సీసీ బై అయితే పేరు వేయాలి, ఎన్‌సీ అని ఉంటే డబ్బొచ్చే పనికి వాడకూడదు. దించుకున్నప్పుడే ఫైలు పేరు, చేసినవాడి పేరు, లైసెన్సు ఒక షీట్‌లో రాసుకోకపోతే ఫెస్టివల్ ఫారం నింపేరోజు తల పట్టుకుంటారు.

మిక్స్

మీ సినిమా ఎక్కడ చూస్తారో నిజాయితీగా ఒప్పుకోండి: ఎక్కువమంది ఫోన్లో, ఒక్కసారి కాలేజీ ఆడిటోరియంలో. ఫోన్ స్పీకర్ లావు శబ్దాలని దాదాపు పలకదు, హెడ్‌ఫోన్లో గుండె అదిరించిన నౌక మోత ఫోన్లో మాయమైపోతుంది. ఆ మోతకి కొంచెం డిస్టార్షన్ కలిపితే పైన దాని స్వరాలు కొన్ని పుడతాయి, చెవి వాటిని పట్టుకుని కింది బరువు ఊహించుకుంటుంది. ఆడిటోరియం స్పీకర్లు చాలాచోట్ల మోనోలో మోగుతాయి, అందుకని మిక్స్ ఒకసారి మోనో బటన్ నొక్కి వినండి, స్టీరియోలో విశాలంగా వినపడిన ఎఫెక్టు అక్కడ ఒకదాన్నొకటి కొట్టేసుకుని పల్చబడొచ్చు. ముందు మాటలు, తర్వాత చప్పుళ్ళు, ఆ మిగిలిన చోట సంగీతం, ఇదే వరస. యూట్యూబ్ మైనస్ 14 ఎల్‌యూఎఫ్ఎస్ (మొత్తం మీద వినపడే గట్టితనానికి కొలత) కంటే గట్టిగా ఉన్నదాన్ని ఎలాగూ తగ్గిస్తుంది, అందుకే ఊరికే పెంచుకుంటూ పోవడం దండగ, శిఖరాలు మైనస్ 1 డీబీ దగ్గర ఆపండి. డావిన్చీ రిజాల్వ్ అనే ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ ఉచిత వెర్షన్‌లోని ఫెయిర్‌లైట్ పేజీలో ఇదంతా జరుగుతుంది.

చివరి ఎక్స్‌పోర్ట్ ఒక్కటే చేసి ప్రాజెక్టు ఫోల్డర్ డిలీట్ చేసేవాళ్ళున్నారు, లాప్‌టాప్‌లో చోటు లేదని. మాటలు, చప్పుళ్ళు, సంగీతం మూడూ విడివిడి ఫైళ్ళుగా తీసి ఉంచుకోండి. రేపు ఏదో ట్రాక్ మీద కాపీరైట్ క్లెయిమ్ వస్తే ఆ ఒక్కటీ మార్చి మళ్ళీ ఎక్కించొచ్చు, కన్నడంలో డబ్బింగ్ అడిగితే మాటలు తీసేసి ఇవ్వొచ్చు.